పసి కుక్కపిల్లకు కడుపు చెడినప్పుడు: పెట్టదగినవి, పెట్టరానివి

వానలు వెనుకబట్టి చలి మొదలయ్యే రోజులలో బళ్ళారి వీధులలో కుక్కల ఈతలు ఎక్కువగా కనిపిస్తాయి. అరుగుల కింద, ఆగి ఉన్న బండ్ల చాటున, కట్టుబడిలో ఉన్న ఇళ్ళ ఇసుక కుప్పల మీద తల్లికుక్కలు పిల్లలను పెడతాయి. తల్లి బండి కింద పడి చనిపోవడం వల్లనో, పిల్లలు చెదిరిపోవడం వల్లనో కొన్ని కూనలు ఇళ్ళకు చేరుతాయి. పిల్లలు ముచ్చటపడి తెస్తారు, పెద్దలు జాలిపడి ఒక గిన్నెలో పాలు పోస్తారు. మరునాటికి కూనకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆ మరునాటికి అది లేవలేని స్థితికి వస్తుంది. ఇంత త్వరగా ప్రాణం మీదికి రావడానికి కారణం చాలా సందర్భాలలో ఆ ఇంటివారి నిర్లక్ష్యం కాదు, తెలియక పెట్టిన ఆహారమే.

పసి కూనకు కడుపు ఎందుకు చెడుతుంది, అప్పుడు ఏమి పెట్టాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇది వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. వైద్యుని వద్దకు చేరేలోపు ఇంటిలో పొరపాటు జరగకుండా చూడడమే దీని ఉద్దేశం.

ముందుగా వయసు తెలుసుకోవాలి

ఏ ఆహారం పెట్టాలన్నది కూన వయసును బట్టి ఉంటుంది. దొరికిన పిల్ల వయసు ఎవరూ చెప్పలేరు కనుక శరీర లక్షణాలను చూసి అంచనా వేయాలి. కళ్ళు మూసుకొని ఉంటే రెండు వారాల లోపు పిల్ల. సాధారణంగా 10 నుంచి 14 రోజుల మధ్య కళ్ళు తెరుచుకుంటాయి. కళ్ళు తెరిచి, తడబడుతూ నడుస్తూ, చిగుళ్ళలో సూదిమొనల వంటి పాలపళ్ళు అప్పుడే పైకి వస్తూ ఉంటే మూడు, నాలుగు వారాల పిల్ల. పళ్ళు చాలావరకు వచ్చి, పరుగులు తీస్తూ, దొరికినదల్లా కొరుకుతూ ఉంటే ఆరు వారాలు దాటినదని భావించవచ్చు.

మూడు వారాల లోపు పిల్లకు పాలు తప్ప మరే ఆహారమూ అరగదు. నాలుగవ వారం నుంచి మెత్తని ఆహారాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు. ఏడు, ఎనిమిది వారాలకు తల్లిపాలు మానుతుంది.

తల్లి దగ్గరలో ఉన్నదేమో చూడడం అన్నిటికంటె ముఖ్యం. తల్లికుక్క తిండి వెతుక్కుంటూ గంటల తరబడి పోయి రావచ్చు. పిల్లలు వెచ్చగా, పొట్ట నిండుగా, నిశ్శబ్దంగా నిద్రపోతూ ఉంటే వాటికి తల్లి ఉన్నదనే అర్థం. అటువంటి పిల్లలను ఇంటికి తేవడం మేలు కాదు. తల్లికి రోజూ కడుపునిండా తిండి, మంచినీళ్ళు పెడితే ఆ పోషణ పాల రూపంలో పిల్లలకే చేరుతుంది.

ఆవుపాలు ఎందుకు పడవు

పాలన్నీ ఒకటే అనుకోవడం సహజం. కాని ఏ జంతువు పాలు ఆ జంతువు పిల్లకు తగినట్లు ఉంటాయి. కుక్కపాలలో కొవ్వు సుమారు 9 శాతం, మాంసకృత్తులు 7 శాతానికి పైగా ఉంటాయి. పాలచక్కెర, అంటే లాక్టోజ్, మూడున్నర శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ఆవుపాలలో కొవ్వు 4 శాతం, మాంసకృత్తులు 3 శాతం చిల్లర మాత్రమే. పాలచక్కెర మాత్రం దాదాపు 5 శాతం. గేదెపాలలో కొవ్వు ఎక్కువే అయినా మాంసకృత్తులు కుక్కపాలలో ఉన్నంత ఉండవు, పాలచక్కెర 5 శాతం వరకు ఉంటుంది.

కూనకు కావలసిన శక్తి అందాలంటే ఆవుపాలు రెట్టింపు తాగాలి. అలా తాగితే పాలచక్కెర తల్లిపాల ద్వారా వచ్చేదానికి రెండు రెట్లకు మించుతుంది. ఆ చక్కెరను విడగొట్టే లాక్టేజ్ అనే జీర్ణరసం కూన పేగులలో అంత మోతాదుకు చాలదు. అరగని చక్కెర పేగులోనే నిలిచి ఒంటిలోని నీటిని లోపలికి లాగుతుంది. పేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి వాయువును పుట్టిస్తాయి. ఫలితంగా పొట్ట ఉబ్బుతుంది, నీళ్ళ విరేచనాలు అవుతాయి.

పాలలో నీళ్ళు కలిపి పలుచన చేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. నీళ్ళు కలిపితే చక్కెర తగ్గే మాట నిజమే. కాని అప్పటికే తక్కువగా ఉన్న కొవ్వు, మాంసకృత్తులు మరింత తగ్గిపోతాయి. విరేచనం ఆగినా కూన ఆకలితో క్షీణిస్తుంది.

తల్లిలేని కూనకు సరైన ఆహారం కుక్కపిల్లల కోసమే తయారుచేసిన పాలపొడి. పెంపుడు జంతువుల ఆహారం అమ్మే దుకాణాలలో అది దొరుకుతుంది. డబ్బా మీద చెప్పిన కొలత ప్రకారమే, కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. పొడి దొరికేవరకు ఒకటి రెండు పూటలు గడవడానికి ఇంటిలో చేసుకోదగిన మిశ్రమం ఒకటి ఉన్నది. కాచిన ఆవుపాలు 120 మి.లీ., కాచిన నీళ్ళు 120 మి.లీ. గోరువెచ్చగా చల్లార్చి, రెండు గుడ్ల పచ్చసొన, ఒక చెంచా వంటనూనె వేసి బాగా గిలక్కొట్టి పలుచని గుడ్డలో వడకట్టాలి. తెల్లసొన వేయకూడదు. ఇందులో నీళ్ళు పాలచక్కెరను తగ్గిస్తాయి, పచ్చసొన, నూనె శక్తిని పూడుస్తాయి. దీనినే రోజుల తరబడి కొనసాగించరాదు.

ఎంత పెట్టాలి, ఎలా పెట్టాలి

పాలు సరైనవే అయినా కడుపు చెడుతున్నదంటే మొదట అనుమానించవలసినది మోతాదును. చేతితో పెంచే కూనలలో విరేచనాలకు అతిగా పట్టడం చాలా తరచుగా కనిపించే కారణం. కూన ఏడ్చినప్పుడల్లా ఆకలి అనుకోవడం వల్ల ఇది జరుగుతుంది. చలి వేసినా కూన ఏడుస్తుంది.

పసికూన పొట్టలో ఒక్కసారికి దాని బరువులో ప్రతి 100 గ్రాములకు 4 నుంచి 5 మి.లీ. మాత్రమే పడుతుంది. అంటే 400 గ్రాముల పిల్లకు ఒక పూటకు 16 నుంచి 20 మి.లీ. దాటకూడదు. వంటింటి త్రాసు గాని, కిరాణా కొట్టులోని త్రాసు గాని బరువు తెలుసుకోవడానికి చాలు. మొదటి వారంలో రెండు మూడు గంటలకొకసారి, రాత్రిపూట కూడా పట్టాలి. రెండు, మూడు వారాల వయసులో నాలుగు గంటలకొకసారి పట్టవచ్చు. రోజూ ఒకే వేళకు తూచి బరువు రాసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న కూన ప్రతిదినం కొంత పెరుగుతుంది. ఒక దినం పెరగకపోతే జాగ్రత్త పడాలి, తగ్గితే వైద్యునికి చూపాలి.

పాలు పట్టేటప్పుడు కూనను పసిబిడ్డలాగ వెల్లకిలా పడుకోబెట్టకూడదు. తల్లి దగ్గర తాగినట్లే బోర్లా, తల కొద్దిగా పైకెత్తి ఉండేలా పట్టుకోవాలి. వెల్లకిలా పట్టితే పాలు ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియాకు దారితీస్తాయి. సూది తీసిన సిరంజితో పట్టేవారు చుక్కచుక్కగా వదలాలి, ఒత్తి పోయకూడదు. మూడు వారాల లోపు కూన తనంతట తాను మలమూత్రాలు విసర్జించలేదు. తల్లి నాకి చేయించే పనిని మనుషులు గోరువెచ్చని తడి దూదితో మెల్లగా తుడిచి చేయించాలి.

ఇంకొక ముఖ్య విషయం వెచ్చదనం. చల్లబడిన కూనకు పేగులు పనిచేయవు. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటె తగ్గిన పిల్లకు పాలు పట్టితే అవి అరగక లోపలే నిలిచి హాని చేస్తాయి. ముట్టుకుంటే చల్లగా తగిలే పిల్లను ముందు గుడ్డలో చుట్టి, మెల్లగా వెచ్చబరచాలి. గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసాను పక్కన ఉంచవచ్చు. అది వేడి భరించలేనప్పుడు పక్కకు జరగడానికి చోటు ఉండాలి. నేరుగా పొయ్యి దగ్గర, ఎండలో పెట్టకూడదు. ఒళ్ళు వెచ్చబడిన తరువాతే ఆహారం.

విరేచనాలు మొదలైన తరువాత

విరేచనాలు పట్టిన పెద్ద కుక్కను ఒక పూట పస్తు ఉంచడం వాడుకలో ఉన్నది. పసి కూన విషయంలో ఆ పద్ధతి ప్రమాదకరం. దాని కాలేయంలో నిల్వ ఉండే చక్కెర కొన్ని గంటలకే అయిపోతుంది. ఆ తరువాత రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, నీరసం, మూర్ఛ వస్తాయి. అందువల్ల ఆహారాన్ని తగ్గించవచ్చు గాని పూర్తిగా మాన్పించకూడదు.

కూన ప్రాణానికి విరేచనం కంటె దాని వల్ల ఒంటిలోని నీరు, లవణాలు పోవడమే ఎక్కువ ముప్పు. చిగుళ్ళు తడిగా, గులాబిరంగులో ఉండాలి. వేలితో తాకినప్పుడు జిగటగా, పొడిగా ఉంటే నీరు తగ్గినట్లే. మూత్రం ముదురు పసుపుగా ఉండడం కూడా అదే సూచన.

పాలు తాగే వయసు కూనకు, అది వెచ్చగా ఉండి, మింగగలిగే స్థితిలో ఉంటే, ఒకటి రెండు పూటలు పాలకు బదులు మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. ద్రావణాన్ని కొద్దికొద్దిగా పట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని పొట్లం మీద ఉండాలి. ఒక లీటరు పొట్లాన్ని కొలిచిన ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలోనే కలపాలి. తక్కువ నీటిలో కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది. ప్రతి 100 గ్రాముల బరువుకు ఒకటి రెండు మి.లీ. చొప్పున గంటకొకసారి చాలు. కలిపిన ద్రావణాన్ని 24 గంటలు దాటిన తరువాత పారబోయాలి. పండ్ల రుచులతో తాగడానికి సిద్ధంగా అమ్మే తీపి పానీయాలు దీనికి బదులు కావు.

తరువాతి పూటలలో పాలపొడిని మామూలు చిక్కదనంలో సగానికి పలుచన చేసి పట్టి, మలం గట్టిపడేకొద్దీ మునుపటి చిక్కదనానికి తీసుకురావాలి. ఈ పలుచని పాలు ఒక దినానికి మించరాదు. అప్పటికీ నయం కాకపోతే అది ఇంటి వైద్యంతో తగ్గేది కాదు.

ఆరు వారాలు దాటి, అన్నం తినే పిల్ల హుషారుగా ఉండి మలం మాత్రమే పలుచబడితే తేలికైన ఆహారం పెట్టాలి. జావలా మెత్తగా ఉడికిన అన్నం రెండు పాళ్ళు, తోలు, ఎముకలు తీసి వట్టి నీళ్ళలో ఉడికించిన కోడిమాంసం ఒక పాలు, రెండూ కలిపి మెదిపి పెట్టాలి. ఉప్పు, కారం, నూనె, తాలింపు ఏవీ ఉండకూడదు. మాంసం వండని ఇళ్ళలో మెత్తని అన్నంలో కొద్దిగా తాజా కమ్మని పెరుగు కలపవచ్చు. తోడుకునేటప్పుడు పాలచక్కెరలో కొంత భాగం ఖర్చయిపోతుంది కనుక పాలు పడని పిల్లలలో కొన్నింటికి పెరుగు పడుతుంది. పెరుగుతో మలం పలుచబడితే మానివేయాలి. రోజుటి తిండిని రెండు పూటలుగా కాక అయిదారు చిన్న పూటలుగా విభజించాలి. తాగడానికి శుభ్రమైన నీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మలం గట్టిపడిన తరువాత రెండు మూడు రోజులలో క్రమంగా మునుపటి ఆహారానికి మార్చాలి. వట్టి అన్నం, మాంసంలో ఎముకల పెరుగుదలకు కావలసిన సున్నం చాలదు కనుక అదే శాశ్వతాహారం కారాదు.

పెట్టరానివి

పసిపిల్లల విరేచనాలకు జాజికాయ అరగదీసి నాకించడం తెలుగు ఇళ్ళలో తరతరాల అలవాటు. కుక్కకు జాజికాయ మోతాదు మించితే విషం. ఉల్లిపాయ, వెల్లుల్లి ఎర్రరక్తకణాలను నాశనం చేస్తాయి, కనుక రసం, సాంబారు కలిపిన అన్నం పనికిరాదు. చాక్లెట్, ద్రాక్షపండ్లు, కిస్మిస్ ముట్టనీయకూడదు. ఉడికిన ఎముకలు చీలి పేగులను గుచ్చుకుంటాయి.

మనుషుల మాత్రలు ఇవ్వరాదు. విరేచనాలను ఆపే మాత్రలు పేగు కదలికను ఆపి లోపలి విషపదార్థాన్ని అక్కడే నిలిపివేస్తాయి. జ్వరానికి వాడే పారసిటమాల్, నొప్పికి వాడే ఇబుప్రొఫేన్ కూనలను చంపగలవు. ఇంటిలో మిగిలిన యాంటీబయాటిక్ మందు వాడడం కూడా తప్పే.

ఆహారం కాని కారణాలు

ఎంత జాగ్రత్తగా పెట్టినా విరేచనాలు తగ్గనప్పుడు రెండు కారణాలను గుర్తుంచుకోవాలి.

మొదటిది పురుగులు. ఏలిక పాముల పిల్లలు తల్లి గర్భంలోనే కూన ఒంటిలోకి చేరుతాయి. కొక్కెపు పురుగులు తల్లిపాల ద్వారా వస్తాయి. కనుక బయట అడుగుపెట్టని పిల్లకు కూడా పురుగులు ఉండవచ్చు. పొట్ట కుండలా ఉబ్బి, ఒళ్ళు ఎండిపోవడం ఏలిక పాముల లక్షణం. చిగుళ్ళు తెల్లగా పాలిపోవడం, మలం నల్లగా తారులా ఉండడం కొక్కెపు పురుగులు రక్తం పీలుస్తున్నాయనడానికి గుర్తు. రెండు వారాల వయసు నుంచి ఎనిమిది వారాల వరకు రెండు వారాలకొకసారి పురుగుల మందు వేయించడం పద్ధతి. మోతాదు బరువును బట్టి వైద్యుడే నిర్ణయించాలి.

రెండవది పార్వో అనే వైరస్ వ్యాధి. 1978లో దీనిని కుక్కలలో కొత్త వ్యాధిగా గుర్తించారు. ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసు పిల్లలకు ఇది ఎక్కువగా సోకుతుంది. ముందు తిండి మానడం, తరువాత ఎడతెగని వాంతులు, దుర్గంధంతో కూడిన రక్తవిరేచనాలు దీని లక్షణాలు. ఆసుపత్రిలో సెలైను ఎక్కించి చికిత్స చేస్తే చాలా పిల్లలు బతుకుతాయి. ఇంటిలో ఉంచితే చాలావరకు చనిపోతాయి. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు సబ్బు, ఫినాయిలుతో చావదు. ఒక పాలు బ్లీచింగు ద్రవం, 30 పాళ్ళు నీళ్ళు కలిపి, ముందుగా కడిగిన గచ్చు మీద పోసి పది నిమిషాలు ఉంచాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేవరకు విడతలుగా వేయించే టీకా దీనికి నివారణ.

వైద్యుని వద్దకు ఎప్పుడు

నాలుగు వారాల లోపు పిల్లకు నీళ్ళ విరేచనాలు పట్టితే ఆ రోజే చూపించాలి. వయసు ఎంతైనా మలంలో రక్తం, మళ్ళీమళ్ళీ వాంతులు, పాలు చీకకపోవడం, ఒళ్ళు చల్లబడడం, చిగుళ్ళు తెల్లబడడం, ఆగని ఏడుపు, నిలబడలేకపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. పిల్ల తూలిపోతూ ఉంటే కొద్దిగా తేనె గాని, చక్కెర నీళ్ళు గాని వేలితో చిగుళ్ళకు రాసి వెంటనే బయలుదేరాలి. స్పృహ లేని పిల్ల నోట్లో ఏదీ పోయకూడదు.

వెళ్ళేటప్పుడు మలాన్ని కొద్దిగా మూత ఉన్న డబ్బాలో తీసుకుపోవాలి. అంచనా వయసు, బరువు, ఇప్పటివరకు పెట్టిన ఆహారం, విరేచనాలు ఎన్ని, వాంతులు ఎన్ని అనేవి కాగితం మీద రాసుకుంటే మేలు. కన్నడం అలవాటు లేని పెద్దవారు ఆసుపత్రిలో సంకోచపడవలసిన పని లేదు. భేది, వాంతి అనే మాటలు రెండు భాషలలోనూ ఒకటే. మన తూకమే అక్కడ తూక. కుక్కపిల్లను నాయిమరి అంటారు, కడుపులోని పురుగులను జంతుహుళు అంటారు. ఈ నాలుగైదు మాటలతో విషయమంతా చెప్పవచ్చు.

ఇంటివారి ఆరోగ్యం, బాధ్యత

కూన పేగులలోని ఏలిక పాముల గుడ్లు మనుషుల కడుపులోకి, ముఖ్యంగా మట్టిలో ఆడే పిల్లల కడుపులోకి చేరితే కన్ను, కాలేయం దెబ్బతినవచ్చు. అయితే మలంతో బయటపడిన గుడ్డు సోకే స్థితికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. కనుక మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తివేస్తే ఆ ప్రమాదం చాలావరకు తొలగుతుంది. కూనను ముట్టుకున్న తరువాత పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కూన పంటి గాటు గాని, గోటి గీరుడు గాని పడితే చిన్నదని ఊరుకోకూడదు. సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా విషయం అడగాలి. కూనకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి.

కొనుక్కునేవారు గమనించవలసినది ఒకటి ఉన్నది. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లిపాలు మానని పిల్లను విడదీయడం వల్లనే కడుపు జబ్బులు చాలావరకు మొదలవుతాయి. తెచ్చుకున్న తరువాత జబ్బు చేసిందని వీధిలో వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. పెంచే వీలు లేనివారు కూనను తల్లి నుంచి విడదీయకుండా ఉండడం, జబ్బు చేసినదానిని ఆసుపత్రికి చేర్చడం, ఈ రెండూ చేసినా ఒక ప్రాణాన్ని కాపాడినవారే అవుతారు.